గలోగ్లఖ్: ఐర్లండ్ గొడ్డలి యోధుడి పేరు, దాని పుట్టుక, దాని వ్యాకరణం

షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకం మొదటి అంకంలో 'గాలోగ్లాసెస్' అనే మాట చూసి దాని మూలం వెతికితే, ఐరిష్ భాషలో ఒకచోట గలోగ్లఖ్ అనీ, ఇంకొకచోట గలోగ్లీ అనీ, ఒక ఇంటిపేరులో ఘలోగ్లీ అనీ, ఒక ఊరి పేరులో ఙలోగ్లఖ్ అనీ నాలుగు రూపాలు కనిపించాయనీ, వీటిలో ఏది సరైనదో, ఈ మాటకూ ఇంగ్లీషు 'గ్లాస్'కూ ఏమైనా సంబంధం ఉందో చెప్పమనీ అడిగారు. నాలుగూ సరైనవే. ఒకే నామవాచకం విభక్తిని బట్టి, వచనాన్ని బట్టి, తనకు ముందున్న పదాన్ని బట్టి మొదటి హల్లునూ చివరి హల్లునూ మార్చుకోవడం వల్ల ఇన్ని రూపాలు ఏర్పడ్డాయి. 'గ్లాస్' మాత్రం ఇంగ్లీషువారి నోట పుట్టినది. ఐరిష్ మాటలో స కారమే లేదు.

ముందుగా ఉచ్చారణ గురించి ఒక మాట చెప్పాలి. నేను ఇక్కడ ఖ్ అని రాసినది మన 'ఖడ్గం'లోని ఖ కాదు. ఉర్దూ తెలిసినవారు 'ఖబర్' అనేటప్పుడు గొంతులో రాపిడితో పలికే ధ్వని అది. ఘ అని రాసినదీ అలాంటిదే. ఉర్దూవారు 'గజల్' అనేటప్పుడు మొదట పలికే, నాలుక వెనుక భాగంలో గాలి రాసుకుంటూ పోయే ధ్వని. ఙ మాత్రం అచ్చంగా మన వర్ణమాలలోని ఙ కారమే. తెలుగులో ఏ పదమూ దానితో మొదలు కాదు కాబట్టి చాలామందికి అది బడిలో వల్లించిన అక్షరంగానే గుర్తుంటుంది. ఐరిష్‌లో అది పదం మొదట్లోనే వస్తుంది.

గలోగ్లఖ్ అంటే 13వ శతాబ్ది నడిమి కాలం నుంచి 16వ శతాబ్ది చివరి వరకు ఐర్లండ్‌లోని గేలిక్ రాజుల (ఐరిష్ మాట్లాడే స్థానిక రాజుల) కొలువులో, ఆ తరువాత అక్కడ స్థిరపడిన ఆంగ్లో-నార్మన్ ప్రభువుల కొలువులో కూడా, జీతానికి పనిచేసిన బరువైన ఆయుధాల కాల్బలంలోని యోధుడు. ఇనుప కడియాలు అల్లిన కవచం, దాని లోపల మెత్త కుట్టిన అంగీ, శిరస్త్రాణం, రెండు చేతులా పట్టి ఊపి కొట్టే పొడుగు పిడి గండ్రగొడ్డలి అతని గుర్తులు. అతని వెంట ఆయుధాలు మోసేందుకు, తిండి చూసేందుకు ఒకరిద్దరు కుర్రాళ్లు ఉండేవారు. రాస్‌కామన్‌లోని డొమినికన్ మఠంలో పడమటి ఐర్లండ్‌లోని కొనాఖ్ట్ రాజు ఫెలిం ఓ కానర్ సమాధి ఉంది. ఆయన 1265లో మరణించాడు. ఆ సమాధికి 15వ శతాబ్దిలో అమర్చిన రాతి పలకల మీద కవచాలు ధరించిన ఎనిమిది మంది గలోగ్లఖ్‌లను చెక్కారు. వారిలో ఏడుగురి చేతుల్లో కత్తులు, ఒక్కడి చేతిలో గొడ్డలి ఉన్నాయి.

వీరు స్కాట్లండ్ పశ్చిమ తీరం నుంచి, దానికి ఎదురుగా ఉన్న హెబ్రిడీస్ దీవుల నుంచి వచ్చినవారు. 1259లో ఇదే ఫెలిం కుమారుడు డెరీకి వెళ్లి, దీవుల పాలకుడు దువ్‌ఘల్ మక్ రూరీ కుమార్తెను పెళ్లాడాడు. ఆమెతో పాటు నూట అరవై మంది యోధులు పెళ్లికూతురి తండ్రికి సోదరుడైన అలీన్ నాయకత్వంలో వచ్చారని ఐరిష్ వార్షిక వృత్తాంతాలు నమోదు చేశాయి. గలోగ్లఖ్‌ల చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అయితే పదచరిత్ర దృష్టితో చూస్తే ఒక విషయం గమనించాలి: ఆ వృత్తాంతంలో వాడిన మాట ఒట్టి 'ఓగ్లఖ్', అంటే యోధుడు. 'గలోగ్లఖ్' అనే పూర్తి సమాసం వార్షిక వృత్తాంతాల్లో కనిపించేది 1290 నాటి నమోదులో. డనీగాల్ ప్రాంతపు ఓ డొనెల్ వంశంలో ఒక సోదరుడు మరొక సోదరుణ్ణి తమ తల్లి తరపు బంధువులైన మక్‌డొనాల్డ్‌ల బలంతో, 'ఇంకా అనేక గలోగ్లఖ్‌ల' బలంతో గద్దె దింపిన సందర్భం అది. మనుషులు ముందు వచ్చారు, వారికి ప్రత్యేకమైన పేరు స్థిరపడడానికి ఒక తరం పట్టింది.

తరువాత కొన్ని కుటుంబాలకు ఇది వంశపారంపర్య వృత్తి అయింది. మక్ స్వీనీలు, మక్‌డొనాల్డ్‌లు, మక్ షీహీలు, మక్‌డూగల్‌లు, మక్ రూరీలు, మక్ కేబ్‌లు వీరిలో ముఖ్యులు. రాబర్ట్ బ్రూస్ స్కాట్లండ్ సింహాసనం దక్కించుకున్నప్పుడు ఓడిన పక్షంలో ఉన్న పడమటి కుటుంబాలు సముద్రం దాటి ఐర్లండ్‌లో స్థిరపడడం ఈ వలసను ఇంకా పెంచింది. మక్ స్వీనీల వంశచరిత్రలో వీరి కొలువు నిబంధన ఒకటి ఉంది: ప్రతి 'పావు' (అక్కడి పాత భూమి కొలత) భూభాగానికీ ఇద్దరు గలోగ్లఖ్‌లను పంపాలి, ఒక్కడు తక్కువైనా రెండు ఆవులు చెల్లించాలి, ఒక ఆవు మనిషికి, రెండోది అతని ఆయుధ సామగ్రికి. మనిషీ అతని కవచమూ సమానమైన వెల పలికిన వృత్తి ఇది.

ఇక పదం సంగతికి వస్తాను. ఇది 'గల్', 'ఓగ్లఖ్' అనే రెండు పదాల సమాసం. మొదటిది విశేషణం, రెండవది ప్రధానం. మన విశేషణ పూర్వపద కర్మధారయం లాంటి కూర్పు.

'గల్' అనే మాట మొదట గాల్ దేశీయుడికి, అంటే నేటి ఫ్రాన్సు ప్రాంతపు మనిషికి, లాటిన్ ద్వారా వచ్చిన పేరు. ఆ పేరు క్రమంగా పరాయివాళ్లందరికీ వర్తించింది. 9వ శతాబ్ది నుంచి, నార్వే వైపు నుంచి సముద్రం మీద వచ్చిన వైకింగ్‌లను గల్ అన్నారు. 1169లో ఆంగ్లో-నార్మన్లు దిగాక వారిని కూడా గల్ అన్నారు. చివరకు ఆ మాట ఇంగ్లీషువారి మీద నిలిచింది. అయోనియా గ్రీకుల పేరుగా వచ్చిన 'యవన' శబ్దం సంస్కృతంలో పడమటి పరాయివారందరికీ వ్యాపించిన తీరు తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. డనీగాల్ అసలు పేరు దూన్ న ఙల్, పరాయివాళ్ల కోట. అక్కడి పరాయివాళ్లు వైకింగ్‌లు. నేడు ఐర్లండ్‌లో ఐరిష్ మాట్లాడే ప్రాంతాన్ని గేల్తఖ్ట్ అంటే, ఇంగ్లీషు మాట్లాడే ప్రాంతాన్ని గల్తఖ్ట్ అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. హెబ్రిడీస్ నుంచి వచ్చిన ఈ యోధులు మాట్లాడినది గేలిక్ భాషే. వారి పాటలూ, వంశావళులూ, ఆచారాలూ ఐర్లండ్‌వారికి పరిచితమైనవే. మరి వారిని పరాయివాళ్లని ఎందుకు పిలిచారు? హెబ్రిడీస్ దీవులకు గేలిక్‌లో ఉన్న పేరు చూస్తే జవాబు దొరుకుతుంది. వాటిని ఇన్షె గల్ అంటారు, 'గల్‌ల దీవులు' అని. వైకింగ్‌లు అక్కడ స్థిరపడి, స్థానిక గేల్‌లతో కలిసి ఒక మిశ్రమ సమాజం ఏర్పడింది. ఆ దీవులు 1266లో పర్త్ ఒప్పందం కుదిరేదాకా నార్వే రాజు ఆధిపత్యంలోనే ఉన్నాయి. కాబట్టి గలోగ్లఖ్‌లోని 'గల్'ను 'పరాయి' అని మామూలు అర్థంలో తీసుకోవడం కన్నా 'గల్‌ల దీవులకు చెందిన' అని తీసుకోవడం సరైనదని నా అభిప్రాయం. ఈ రంగంలో పనిచేసిన పలువురు పండితులూ ఇలాగే వివరించారు. పైన చెప్పిన పెళ్లికూతురి తండ్రి దువ్‌ఘల్ పేరును విడదీసినా 'నల్లని గల్' అనే వస్తుంది. నేటి మక్‌డూగల్ ఇంటిపేరులో ఉన్నది ఆ పేరే. దీవులవారు గల్ అనే మాటను తమ పిల్లలకు గౌరవంగా పెట్టుకున్నారు. అందులో తక్కువతనం ఏమీ లేదు.

రెండవ భాగమైన 'ఓగ్లఖ్'లో మొదటి ముక్క 'ఓగ్', అంటే యువ. తెలుగు పాఠకుడికి ఈ ముక్క దూరపు చుట్టం. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న యువ, యువకుడు, యౌవనం అనే మాటలకు ఆధారమైన 'యువన్' శబ్దమూ, ఐరిష్ 'ఓగ్' కూడా ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. ఋగ్వేదంలో కనిపించే 'యువశ', లాటిన్‌లో 'యువెంకుస్', ఇంగ్లీషులో 'యంగ్', వెల్ష్‌లో 'ఇవంక్' ఈ కుటుంబంలోవే. కెల్టిక్ దశలో ఈ మాట సుమారుగా 'యువంకోస్' అని ఉండేది. ఐరిష్ పదాది య కారాన్ని పూర్తిగా వదిలేసింది. హల్లుకు ముందున్న అనునాసికాన్ని కూడా వదిలేసి, ఆ హల్లును గ గా మార్చింది. మిగిలిన అచ్చులు కుంచించుకుని మొదట 'ఒఅగ్' అని రెండక్షరాలుగా, తరువాత 'ఓగ్' అని ఒక్క దీర్ఘంగా స్థిరపడ్డాయి. సంస్కృతం 'శతం', లాటిన్ 'కెంతుమ్' అన్న చోట ఐరిష్ 'కేద్' అని పలకడం వెనుక ఉన్నదీ ఇదే నియమం: న కారం పోయి త కారం ద అయింది.

'లఖ్' అనేది ప్రత్యయం. 'సేన, జనసమూహం' అనే అర్థమున్న స్లూఅగ్ అనే పదం సమాసాల్లో రెండవ స్థానంలో నలిగి ప్రత్యయంగా మారిందని భాషావేత్తల వివరణ. ఇంటి జనం అనే అర్థంలో ఇల్లు, స్లూఅగ్ కలిసి 'త్యఘ్లఖ్' అయింది. నేడు కుటుంబాన్ని ఐరిష్‌లో ఈ మాటతోనే పిలుస్తారు. ముక్ అంటే పంది, ముక్లఖ్ అంటే పందుల మంద. ఈ లెక్కన ఓగ్లఖ్ మొదట 'యువజన సమూహం, యువసేన' అనే సమూహవాచకమై ఉండి, తరువాత ఆ సమూహంలోని ఒక్క మనిషికి పేరైంది. అర్థం కూడా యువకుడి నుంచి యోధుడికీ, యోధుడి నుంచి ప్రభువు కింద ఉండే సేవకుడికీ సాగింది. తెలుగులో 'బంటు' అనే మాట సేవకుణ్ణీ యోధుణ్ణీ రెండింటినీ చెప్పినట్లే, ఓగ్లఖ్ కొలువునూ కత్తినీ కలిపి చెబుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను: గలోగ్లఖ్‌తో పాటు మాక్‌బెత్‌లో వచ్చే 'కెర్న్' అనే తేలికపాటి కాల్బలం పేరు ఐరిష్‌లో 'కెహర్న్'. అది దండు మొత్తానికి పేరు. అందులోని ఒక్కణ్ణి 'కెహర్నఖ్' అనాలి. ఆధునిక ఐరిష్‌లో చదరంగపు బంటును కూడా కెహర్నఖ్ అనే అంటారు.

ఇంగ్లీషు ఈ రెండు మాటలనూ తీసుకుంటూ రెండు రకాలుగా తడబడింది. దండు పేరైన 'కెహర్న్'ను ఒక్క సైనికుడి పేరుగా చేసుకుంది. గలోగ్లఖ్ విషయంలో చివరి రాపిడి ధ్వని ఇంగ్లీషు నోటికి పట్టక సన్నగిల్లి 'గలోగ్ల' లాంటి రూపం మిగిలింది. దానికి ఇంగ్లీషు బహువచన ప్రత్యయమైన స కారం చేర్చి 'గలోగ్లాస్' అన్నారు. తరువాతి తరం ఆ స కారం బహువచనపుదని మరిచి మొత్తాన్ని ఏకవచనంగా భావించి, మళ్లీ బహువచనం చేర్చి 'గాలోగ్లాసెస్' అంది. ఇలా ఒకే మాట మీద రెండు బహువచన ప్రత్యయాలు కూర్చున్నాయి. ఉరికంబానికి ఇంగ్లీషులో ఉన్న 'గాలోస్' అనే మాట ప్రభావం కాబోలు, మొదటి భాగపు రాత కూడా దాని వైపు వంగింది. ఉరికంబానికీ గాజుకూ ఈ యోధుడితో ఏ సంబంధమూ లేదు. బూడిద, ఆకుపచ్చ రంగులకు ఐరిష్‌లో 'గ్లస్' అనే మాట ఉన్నందున కొందరు దానితో ముడిపెడతారు. ఐరిష్ మూలంలో స కారం లేకపోవడమే ఆ ఊహను కొట్టివేయడానికి చాలు. మాక్‌బెత్ నిజంగా స్కాట్లండ్‌ను ఏలినది 1040 నుంచి 1057 దాకా. అప్పటికి ఈ పేరు లేదు. షేక్‌స్పియర్ తన కాలపు మాటను ఐదు వందల యేళ్లు వెనక్కి పంపాడు. అయితే ఆ సైనికులు పడమటి దీవుల నుంచి వచ్చారని ఆయన రాసిన సంగతి మాత్రం ఆ పదం అర్థానికి సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు అసలు వ్యాకరణం. గలోగ్లఖ్ పుంలింగ పదం, ఆధునిక వ్యాకరణాల ప్రకారం ప్రథమ గణానికి చెందినది. ప్రథమా ఏకవచనం గలోగ్లఖ్. షష్ఠీ ఏకవచనం, ప్రథమా బహువచనం రెండూ గలోగ్లీ. షష్ఠీ బహువచనం మళ్లీ గలోగ్లఖ్. అంటే ఏకవచనంలో షష్ఠికి ఏ రూపం వస్తుందో బహువచనంలో ప్రథమకు అదే వస్తుంది. ఏకవచనంలో ప్రథమకు ఏది ఉందో బహువచనంలో షష్ఠికి అదే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. దీని కారణం పాత అంత్యాక్షరాల్లో ఉంది. ఆదిమ ఐరిష్‌లో ఈ గణపు పదాల షష్ఠీ ఏకవచనం, ప్రథమా బహువచనం రెండూ దీర్ఘ ఈ కారంతో ముగిసేవి. 5, 6 శతాబ్దుల ఓగమ్ (గీతలతో రాసే పాత ఐరిష్ లిపి) శాసనాల్లో 'మకి' అనే మాట పదేపదే కనిపిస్తుంది. అది 'కుమారుని' అనే షష్ఠి. తరువాత ఆ చివరి అచ్చు రాలిపోయింది, కాని పోతూ పోతూ తనకు ముందున్న హల్లును తాలవ్యం (నాలుకను అంగిలి వైపు లేపి పలికేది) చేసి పోయింది. అందుకే నేడు మక్ అంటే కుమారుడు, మిక్ అంటే కుమారుని. గలోగ్లఖ్‌లో చివరి ఖ్ తాలవ్యమై, స్వరాఘాతం లేని అక్షరంలో ఉన్నందున ఇంకా మెత్తబడి, ఉత్తరాన అల్స్టర్‌లో 'గలోగ్లీ' అయింది. దక్షిణాన మన్‌స్టర్‌లో దాన్నే 'గలోగ్లిగ్' అంటారు. పడమట కొనాఖ్ట్‌లో 'గలోగ్ల' అని పొట్టిగా ముగిస్తారు. రాత మాత్రం మూడింటికీ ఒక్కటే. యోధులు ఎక్కువగా దిగిన డనీగాల్ అల్స్టర్‌లో ఉంది కాబట్టి నేను ఉత్తరపు పలుకుబడినే ఇక్కడ వాడుతున్నాను.

పదం మొదటి హల్లు మారడం ఐరిష్ నేర్చుకునే యూరోపియన్లకు చాలా కష్టంగా తోస్తుంది, కాని సంధులు చదివిన తెలుగువారికి అంత కొత్తగా ఉండకూడదు. బాలవ్యాకరణం చదివినవారికి సరళాదేశం గుర్తుండే ఉంటుంది. పూచెను, కలువలు కలిస్తే 'పూచెనుఁ గలువలు' అవుతుంది. మొదటి పదం చివర ఉన్న ద్రుతం, అంటే న కారం, తరువాతి పదపు మొదటి క కారాన్ని గ కారం చేస్తుంది. ఐరిష్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. షష్ఠీ బహువచనంలో వచ్చే 'న' అనే ఉపపదం (ఇంగ్లీషు 'ద' లాంటి మాట) ఒకప్పుడు అనునాసికంతో ముగిసేది. ఆ అనునాసికం తరువాతి పదాన్ని తాకి, క ను గ గా, త ను ద గా, ప ను బ గా మార్చింది. కెహర్నఖ్ అనే మాట 'కెహర్నఖ్‌ల' అనే అర్థంలో 'న గెహర్నఖ్' అవుతుంది. మన కలువలు గలువలు అయినట్లే. పదం ముందే గ తో మొదలైతే ఆ గ తానే అనునాసికమైన ఙ గా మారుతుంది. కాబట్టి 'గలోగ్లఖ్‌ల' అనడానికి 'న ఙలోగ్లఖ్'. అచ్చుతో మొదలయ్యే పదానికైతే పాత న కారమే ముందు వచ్చి చేరుతుంది. యువకుల లోకమనే అర్థంలో ప్రసిద్ధమైన 'తీర్ న నోగ్' అనే పేరులో మీరు వినేది ఆ న కారమే. ఒక తేడా చెప్పుకోవాలి. తెలుగులో ద్రుతం అరసున్నగానో పూర్ణబిందువుగానో తన ఉనికిని కొంత నిలుపుకుంటుంది, మారిన హల్లు కేవలం సంధికార్యం. ఐరిష్‌లో హల్లుల ముందు ఆ అనునాసికం పూర్తిగా మాయమైంది కాబట్టి మారిన హల్లే విభక్తికి గుర్తుగా నిలిచింది. అక్కడ మార్పు వదిలేస్తే ఉచ్చారణలో లోపంతో ఆగదు, వ్యాకరణమే తప్పుతుంది.

రెండవ రకం మార్పు మెత్తబడడం. గసడదవాదేశంలో వారు, పోరు కలిస్తే 'వారువోరు' అవుతుంది, ప కారం మెత్తబడి వ అవుతుంది. ఐరిష్‌లోనూ రెండు అచ్చుల నడుమ చిక్కిన హల్లు ఇలాగే మెత్తబడింది. పుంలింగ షష్ఠీ ఏకవచనపు ఉపపదం ఒకప్పుడు అచ్చుతో ముగిసేది. అందువల్ల తరువాతి గ రెండు అచ్చుల మధ్య పడి ఘ అయింది: 'అన్ ఘలోగ్లీ', అంటే 'ఆ గలోగ్లఖ్ యొక్క'. ప్రథమా ఏకవచనపు ఉపపదం స కారంతో ముగిసేది కాబట్టి అక్కడ గ కు ఏ మార్పూ లేదు: 'అన్ గలోగ్లఖ్'. నేడు ఈ రెండు ఉపపదాలూ చూడడానికి ఒకేలా 'అన్' అని ఉంటాయి. వాటి పాత తేడాను మోస్తున్నది తరువాతి పదపు మొదటి హల్లే. పిలుపులో కూడా ఈ మెత్తదనమే వస్తుంది. ఒక్కణ్ణి పిలిస్తే 'అ ఘలోగ్లీ', పలువురిని పిలిస్తే 'అ ఘలోగ్లఖ'. 'తో' అనే అర్థమున్న విభక్త్యర్థకం తరువాత మాండలికాలు విడిపోతాయి: అల్స్టర్‌వారు 'లెష్ అన్ ఘలోగ్లఖ్' అని మెత్తబరుస్తారు, కొనాఖ్ట్, మన్‌స్టర్ వారు 'లెష్ అన్ ఙలోగ్లఖ్' అని అనునాసికం చేస్తారు. రెండూ ప్రామాణికమే.

మీకు కనిపించిన ఊరి పేరు, ఇంటిపేరు ఈ నియమాలకు చక్కని సాక్ష్యాలు. డనీగాల్‌లో ఇంగ్లీషువారు మిల్‌ఫర్డ్ అనే ఊరికి ఐరిష్ పేరు 'బల్య న ఙలోగ్లఖ్', గలోగ్లఖ్‌ల ఊరు. అది మక్ స్వీనీలు ఏలిన ఫానడ్ ప్రాంతానికి పక్కనే ఉంది. ఒక దండుకు చెందిన ఊరు కాబట్టి షష్ఠీ బహువచనం, దాని వెంట ఙ కారం. ఇంటిపేరు 'మక్ అన్ ఘలోగ్లీ', ఆ గలోగ్లఖ్ కొడుకు. తండ్రి ఒక్కడే కాబట్టి షష్ఠీ ఏకవచనం: ముందు ఘ, చివర ఈ కారం. ఆ వంశపు స్త్రీ అయితే 'నిక్ అన్ ఘలోగ్లీ', ఆ ఇంటి కోడలైతే 'విక్ అన్ ఘలోగ్లీ'. మొదటి పదం మారుతుంది, యోధుడి పేరు షష్ఠిలోనే ఉండిపోతుంది. ఇంగ్లీషులో ఈ కుటుంబాలు గలోగ్లీ అని రాసుకున్నాయి. కొందరు 'ఇంగోల్డ్స్‌బి' అనే అచ్చ ఇంగ్లీషు ఇంటిపేరును తీసుకున్నారు. 'అన్ ఘలోగ్లీ'ని వేగంగా పలికి చూస్తే ఆ ఎంపిక ఎందుకు జరిగిందో కొంత అర్థమవుతుంది.

లెక్కించడంలో తెలుగువారికి ఇంకొక సౌకర్యం ఉంది. మనం మనుషులను ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటాం. వస్తువులను రెండు, మూడు, నాలుగు అంటాం. ఐరిష్‌లోనూ మనుషులకు వేరే సంఖ్యావాచకాలు ఉన్నాయి: బెర్ట్ అంటే ఇద్దరు, త్రూర్ అంటే ముగ్గురు, క్యహ్రర్ అంటే నలుగురు. త్రూర్ మొదలైన వాటి చివరి భాగం మనిషి అనే అర్థమున్న 'ఫెర్' శబ్దం నుంచి వచ్చిందని వివరణ. వీటి తరువాత షష్ఠీ బహువచనం రావాలి, బెర్ట్ తరువాత హల్లు మెత్తబడాలి కూడా. కాబట్టి ఇద్దరు గలోగ్లఖ్‌లను 'బెర్ట్ ఘలోగ్లఖ్' అనీ, ముగ్గురిని 'త్రూర్ గలోగ్లఖ్' అనీ అంటారు. సంఖ్య తరువాత గలోగ్లీ అనే ప్రథమా బహువచనం పెట్టడం నేర్చుకునేవారు తరచుగా చేసే పొరపాటు. 1259 నాటి వృత్తాంతంలో కూడా సంఖ్య 'ఎనిమిది ఇరవైలు', దాని తరువాతి మాట ఓగ్లఖ్. అది చూపుకు ఏకవచనంలా ఉన్నా నిజానికి షష్ఠీ బహువచనం, 'యోధుల ఎనిమిది ఇరవైలు' అని.

1601లో కిన్‌సేల్ యుద్ధంలో గేలిక్ ప్రభువులు ఓడిపోయాక ఈ వృత్తి ముగిసిపోయింది. అప్పటికే తుపాకులు వచ్చి గొడ్డలి వెనుకబడింది. గలోగ్లఖ్ అనే మాట చరిత్ర పుస్తకాల్లోకి చేరింది గాని, అందులోని ఓగ్లఖ్ మాత్రం కొత్త జీవం పొందింది. 1913 నవంబరులో డబ్లిన్‌లో ఏర్పడిన ఐరిష్ వాలంటీర్ల దళానికి 'ఓగ్లీ న హేరన్', ఐర్లండ్ ఓగ్లఖ్‌లు అని పేరు పెట్టారు. నేడు ఐర్లండ్ రిపబ్లిక్ సైన్యపు అధికారిక ఐరిష్ పేరు కూడా అదే. వారి టోపీ మీది చిహ్నంలో ఆ అక్షరాలు ఉంటాయి. ఇందులో ఓగ్లీ అనేది ఇప్పుడు మనకు పరిచితమైన ప్రథమా బహువచనమే. ఏరన్ ముందు చేరిన హ కారం, స్త్రీలింగ షష్ఠీ ఏకవచనపు ఉపపదం చివర ఒకప్పుడు ఉన్న స కారం శేషం. సంస్కృతంలో పదాంత స కారం విసర్గ కావడం ఇలాంటి మార్పే.

తెలుగులో రాసేటప్పుడు ఏ రూపం వాడాలన్నది మిగిలింది. ఒక్కడైతే గలోగ్లఖ్ అనీ, పలువురైతే మన ప్రత్యయం చేర్చి గలోగ్లఖ్‌లు అనీ రాయడం సరైనది. గలోగ్లీ అప్పటికే బహువచనం కాబట్టి 'గలోగ్లీలు' అనడం ఇంగ్లీషు గాలోగ్లాసెస్ లాంటిదే అవుతుంది. ఊరి పేరును, ఇంటిపేరును ప్రస్తావించినప్పుడు మాత్రం బల్య న ఙలోగ్లఖ్, మక్ అన్ ఘలోగ్లీ అని ఉన్నది ఉన్నట్లు రాయండి. వాటిలో షష్ఠి పేరులో భాగమైపోయింది, దాన్ని విడదీసి ప్రథమలోకి మార్చకూడదు.